నాగార్జునకొండ: నీళ్లలో మునిగిన నగరం.. పైకి మిగిలిన దీవి! అచ్చంపేట నుంచి ఒక్క రోజులో ఎలా చూసి రావాలంటే..

గ్రీస్ దీవుల రీల్స్ చూసి 'జీవితంలో ఒక్కసారైనా వెళ్లాలి' అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. చుట్టూ నీలిరంగు నీళ్లు, పడవ ప్రయాణం, దీవి మీద రెండు వేల ఏళ్ల నాటి రాళ్లు, పక్కనే ఓ మ్యూజియం.. అక్కడ జనం చూసేది ఇవే. ఇవన్నీ ఉన్న దీవి మనకూ ఒకటుంది. అచ్చంపేట నుంచి బయల్దేరితే వంద కిలోమీటర్లు అటూఇటుగా దారి. అదే నాగార్జునకొండ.

అయితే దీని కథ వేరు. 60, 70 ఏళ్ల కిందటి దాకా ఇది దీవి కాదు. లోయ మధ్యలో ఉన్న ఓ కొండ. ఆ లోయ నిండా ఒక రాజధాని నగరం ఆనవాళ్లు ఉండేవి. నాగార్జునసాగర్ ప్రాజెక్టు కట్టాక లోయ మొత్తం మునిగిపోయింది. కొండ శిఖరం మాత్రం నీళ్ల పైన మిగిలింది. ఇవాళ మనం లాంచీ దిగి నడిచేది ఆ శిఖరం మీదే.

ఈ సంగతి తెలియకుండా వెళ్తే నాలుగు ఫొటోలు దిగి గంటలో తిరిగి వచ్చేస్తాం. తెలిసి వెళ్తే అక్కడి ప్రతి రాయికీ ఒక లెక్క కనిపిస్తుంది. అందుకే వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవన్నీ ఒకే చోట ఇస్తున్నాం.

ఇంతకీ ఎక్కడుంది? ఏ రాష్ట్రంలో ఉంది?

నాగార్జునకొండ దీవి నాగార్జునసాగర్ రిజర్వాయర్ మధ్యలో ఉంది. రిజర్వాయర్‌కు ఎడమ వైపు తెలంగాణలోని నల్గొండ జిల్లా, కుడి వైపు ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా. పల్నాడు ఒకప్పటి ఉమ్మడి గుంటూరు జిల్లాలో భాగం. దీవి ఆంధ్రప్రదేశ్ పరిధిలోకి వస్తుంది. మ్యూజియం మాత్రం కేంద్రం చేతిలోని భారత పురావస్తు శాఖది.

ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, చాలామంది ఇక్కడే పొరపడతారు. తెలంగాణ నుంచి వెళ్లేవాళ్లు మొదట చేరేది హిల్ కాలనీ, పైలాన్ కాలనీ వైపు. కానీ దీవికి వెళ్లే ఏపీ టూరిజం లాంచీలు బయల్దేరేది అవతలి ఒడ్డున ఉన్న విజయపురి సౌత్ నుంచి. తెలంగాణ వైపు కూడా లాంచీ స్టేషన్ ఉంది. అక్కడ రిజర్వాయర్‌లో తిప్పి తెచ్చే ట్రిప్పులు, శ్రీశైలం దాకా వెళ్లే క్రూయిజ్‌లు ఉంటాయి. అందుకే టికెట్ కొనే ముందే 'ఇది కొండ మీదికి వెళ్తుందా, ఊరికే ఓ రౌండ్ తిప్పి తెస్తుందా' అని అడిగి తెలుసుకోండి.

ఈ లోయలో ఎవరుండేవాళ్లు?

మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణా నది. శత్రువులు రావాలంటే కష్టం, నీళ్లకు కొదవ లేదు. ఇలాంటి చోటును ఇక్ష్వాకు రాజులు రాజధానిగా ఎంచుకున్నారు. నగరం పేరు విజయపురి. శాసనాల్లో ఈ కొండల పేరు శ్రీపర్వతం.

శాతవాహనుల పాలన ముగిశాక, క్రీస్తు శకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఇక్కడ నిలదొక్కుకున్నారు. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. తర్వాత ఆయన కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువుల శాంతమూలుడు, ఆ తర్వాత రుద్రపురుషదత్తుడు. నాలుగో శతాబ్దం తొలినాళ్లకు వీళ్ల కథ ముగిసింది. అంటే సుమారు వందేళ్ల రాజ్యం.

ఆ వందేళ్లలోనే ఈ లోయలో 30కి పైగా బౌద్ధ కట్టడాలు వచ్చాయి. విహారాలు, చైత్యాలు, స్తూపాలు. వాటితో పాటే శివుడికి, విష్ణువుకు, కార్తికేయుడికి గుళ్లు కూడా. మొదటి శాంతమూలుడు అశ్వమేధం చేసిన రాజు. ఆయన ఇంటి ఆడవాళ్లు బౌద్ధ విహారాలకు దానాలిచ్చారు. ఒకే ఇంట్లో రెండు దారులు, గొడవ లేకుండా నడిచాయి.

కొండకు నాగార్జునుడి పేరు ఎలా వచ్చింది? మహాయాన బౌద్ధంలో శూన్యవాదం చెప్పిన ఆచార్య నాగార్జునుడు శ్రీపర్వతం మీద ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ నమ్మకంతోనే కొండకు ఈ పేరు నిలిచింది. ఇక్ష్వాకుల కాలంలో ఊరి పేరు మాత్రం విజయపురే.

దానాలిచ్చింది ఎక్కువగా మహిళలే

నాగార్జునకొండ శాసనాలు చదివిన ఎవరికైనా మొదట కనిపించేది ఆడవాళ్ల పేర్లే.

లోయలోని అతి పెద్ద స్తూపం మహాచైత్యం. దానికి సాయం చేసి పూర్తి చేయించింది చాంతిసిరి. మొదటి శాంతమూలుడికి చెల్లెలు, వీరపురుషదత్తుడికి మేనత్త, ఆపై అత్తగారు కూడా. మేనత్త కూతుర్ని చేసుకోవడం మన దగ్గర ఎంత పాత అలవాటో ఇక్కడే అర్థమవుతుంది. వీరపురుషదత్తుడి పాలన ఆరో ఏట ఈ స్తూపం పూర్తయిందని అక్కడి స్తంభాల మీద రాసి ఉంది.

వీరపురుషదత్తుడి కూతురు కొదబలిసిరి వనవాసి రాజుకు భార్య. ఆమె పేరుమీద ఒక విహారం ఉంది. ఉజ్జయిని నుంచి కోడలిగా వచ్చిన రుద్రధర భట్టారిక కూడా దాతల జాబితాలో ఉంది. ఇక రాజకుటుంబంతో సంబంధం లేని బోధిశ్రీ అనే ఉపాసిక ఒక చైత్యగృహమే కట్టించింది.

గ్రీకుల పేరు ఇక్కడి శాసనంలో ఉందా?

ఉంది. అది బోధిశ్రీ శాసనంలోనే. వీరపురుషదత్తుడి పాలన 14వ ఏట వేసిన శాసనం ఇది. సింహళం నుంచి వచ్చిన బౌద్ధ ఆచార్యుల కోసం ఈ చైత్యగృహం కట్టిస్తున్నానని ఆమె చెప్పింది. ఆ ఆచార్యులు ఏయే దేశాల్లో ధర్మాన్ని ప్రచారం చేశారో వరసగా చెప్పింది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి.. ఆ వరసలో యవన దేశం పేరు కూడా వస్తుంది. యవనులంటే మొదట్లో గ్రీకులు. తర్వాత్తర్వాత పడమటి నుంచి వచ్చిన విదేశీయులందరినీ ఆ మాటతోనే పిలిచారు.

ఇదొక్కటే కాదు. తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. రాజభవనం ఉన్నచోట దొరికిన స్తంభాల మీద చెక్కిన బొమ్మలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. ఒకదానిలో ప్యాంటు లాంటి దుస్తులు వేసుకుని బల్లెం పట్టిన శక సైనికుడు. ఇంకోదానిలో సగం బట్టలతో, గడ్డంతో, కొమ్ము పాత్రలో తాగుతున్న మనిషి, పక్కనే పీపా. ఈ బొమ్మను గ్రీకుల మద్య దేవుడు డయోనిసస్‌గా పండితులు గుర్తించారు. కృష్ణా లోయకు, మధ్యధరా సముద్రానికి మధ్య వ్యాపారం ఎంత దూరం నడిచిందో చెప్పడానికి ఇవి చాలు.

టీచర్ చూసిన ఒక స్తంభం

ఇక్ష్వాకుల తర్వాత విజయపురి పాడుబడింది. మధ్యయుగంలో కొండ మీద కోట కట్టారు. దాని గోడలు ఇప్పటికీ దీవి మీద కనిపిస్తాయి. కింద లోయ మాత్రం అడవిలో కలిసిపోయింది.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఇక్కడ ఒక పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. మద్రాసులోని శాసన విభాగంలో తెలుగు అసిస్టెంట్‌గా పనిచేస్తున్న రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. ఇది మామూలు చోటు కాదని అప్పుడే తేలిపోయింది. 1927 నుంచి 1931 వరకు ఏ.హెచ్. లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్లీ తవ్వించారు.

లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లోనే మహాచైత్యంలోంచి ఒక చిన్న బంగారు భరిణె బయటపడింది. అందులో చిన్న ఎముక ముక్క. అది బుద్ధుడి ధాతువని, అందుకు స్తూపం శాసనాలే సాక్ష్యమని చెప్పారు. తర్వాత దాన్ని మహాబోధి సొసైటీకి అందజేశారు. అది సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది. కాబట్టి ఆ ధాతువును చూడాలనుకునేవాళ్లు కాశీ దారి పట్టాల్సిందే, దీవిలో అది ఉండదు.

మునగడానికి ముందు ఆరేళ్లు

1955 డిసెంబర్ 10న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట పూర్తయితే విజయపురి మొత్తం నీళ్ల కిందికి పోతుందని ముందే తెలుసు. ప్రాజెక్టు ఆపలేరు. లోయను కాపాడలేరు. మిగిలిన దారి ఒక్కటే. నీళ్లు రాకముందే వీలైనంత తవ్వడం, వీలైనంత బయటికి తేవడం.

ఆ పని 1954 నుంచి 1960 వరకు రాయప్రోలు సుబ్రహ్మణ్యం నేతృత్వంలో జరిగింది. ఆ ఆరేళ్లలో రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగం గుళ్ల దాకా లోయ చరిత్ర మొత్తం బయటికొచ్చింది. కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి ఎత్తయిన చోట మళ్లీ కట్టారు. కొన్నింటికి నమూనాలు చేశారు. శిల్పాలు, శాసనాలు, నాణేలు దీవి మీదికి చేర్చారు. వాటి కోసం బౌద్ధ విహారం ఆకారంలో కట్టిన మ్యూజియం 1966లో తెరుచుకుంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

ఈజిప్టులో నైలు నది మీద అస్వాన్ డ్యాం కడుతున్నప్పుడు అబూ సింబెల్ గుడిని కోసి పైకి తరలించిన సంగతి ప్రపంచమంతా తెలుసు. అది 1964 నుంచి 1968 మధ్య జరిగింది. అలాంటి పనే అంతకంటే ముందే మన కృష్ణా లోయలో మొదలైంది. ఆ పేరు మాత్రం రాలేదు.

నల్గొండ వైపు కూడా నష్టం జరిగింది. నాగార్జునకొండకు ఎదుటి ఒడ్డున ఉన్న ఏలేశ్వరం కూడా ప్రాచీన స్థలమే. అక్కడ కూడా మునకకు ముందు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇప్పుడు ఆ ఊరూ నీళ్ల కిందే. శివరాత్రికి సాగర్ నుంచి ఏలేశ్వరం గట్టుకు లాంచీల్లో వెళ్లే భక్తులు ఆ పాత ఊరి మీదుగానే వెళ్తున్నారన్నమాట.

దీవి మీద ఏం చూడాలి? ఈ వరసలో చూస్తే బాగుంటుంది

1. మునిగిన లోయ నమూనా: మ్యూజియంలో అడుగుపెట్టగానే శిల్పాల వైపు పరుగెత్తకండి. ముందు మునిగిపోయిన లోయ నమూనా ఎక్కడుందో అడిగి దాని దగ్గరికి వెళ్లండి. కొండలు ఎక్కడ, నది ఎక్కడ, మహాచైత్యం ఎక్కడ, స్టేడియం ఎక్కడ అనేది అక్కడే తెలుస్తుంది. పిల్లలకు చూపించాల్సిన మొదటి వస్తువు ఇదే. 'మనం ఇప్పుడు ఈ కొస మీద ఉన్నాం, మిగతాదంతా నీళ్ల కింద ఉంది' అని వేలు పెట్టి చూపించొచ్చు.

2. బుద్ధ విగ్రహం: సుమారు 3 మీటర్ల ఎత్తున్న నిలువెత్తు బుద్ధుడు. చాలామంది ఫొటోల్లో కనిపించేది ఇదే.

3. శిల్ప ఫలకాలు: పల్నాడు సున్నపురాయి మీద చెక్కినవి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లటి రాయి ఇది. బుద్ధుడి జీవిత ఘట్టాలు, జాతక కథలు వీటి మీద ఉంటాయి. మాంధాత కథ ఉన్న ఫలకం ముందు కాసేపు ఆగండి. ఒక్కో ఫలకాన్ని మన పటం కథల్లా ఒక వైపు నుంచి మరో వైపుకు చదువుకుంటూ పోవాలి.

4. ఛాయాస్తంభాలు: చనిపోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టిన రాళ్లు. మొదటి శాంతమూలుడి కోసం ఆయన తల్లి, అక్కచెల్లెళ్లు, భార్యలు నిలబెట్టిన స్తంభం ప్రసిద్ధం. రాజులకే కాదు, సైనికులకు, చేతిపనివాళ్లకు కూడా ఇలాంటి రాళ్లు వేశారు. మన ఊళ్ల పొలిమేరల్లో కనిపించే వీరగల్లులను గుర్తుచేసుకోండి, వీటి సంగతి వెంటనే అర్థమవుతుంది.

5. మహాచైత్యం: ఇది మ్యూజియం బయట ఉంటుంది. అసలు స్తూపం వ్యాసం 106 అడుగులు. పైనుంచి చూస్తే బండి చక్రంలా ఉంటుంది. మధ్యలో ఇరుసు, చుట్టూ ఆకులు. ఇటుక గోడలతో అలా చక్రం కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి నింపేవాళ్లు. నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలు ఉండేవి. వాటిని ఆయక స్తంభాలంటారు. స్తూపం మొదట ఉన్నచోటు ఇప్పుడు నీళ్ల అడుగున ఉంది. ఇక్కడ చూసేది పైకి తెచ్చి మళ్లీ కట్టిన రూపం.

6. స్నానఘట్టం, సింహళ విహారం, కోట గోడలు: తోటలో నడుచుకుంటూ వీటిని చూడొచ్చు. బోధిశ్రీ శాసనం గురించి చదివి వెళ్తే సింహళ విహారం దగ్గర ఆగకుండా ఉండలేరు.

ఒక చిన్న సూచన. ప్రతి కట్టడం దగ్గర బోర్డు ఉంటే తప్పక చదవండి. ఏది అసలు రాళ్లతో మళ్లీ కట్టింది, ఏది నమూనా అనే తేడా తెలుసుకుంటేనే చూసిన పనికి విలువ.

స్టేడియం దీవి మీద లేదు.. అనుపులో ఉంది

ఆటలకు, ప్రదర్శనలకు కట్టిన స్టేడియం నాగార్జునకొండ ప్రత్యేకత. దేశంలో ఇంత పాత కట్టడాల్లో ఇలాంటిది చాలా అరుదు. కానీ దీవిలో వెతికితే దొరకదు. దాన్ని విజయపురి సౌత్ దగ్గరలోని అనుపులో తిరిగి కట్టారు. రోడ్డు మీదే వెళ్లొచ్చు, లాంచీ అక్కర్లేదు.

మధ్యలో సుమారు 16 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు ఉన్న ఆవరణ. నాలుగు వైపులా మెట్లు. గ్రీకు థియేటర్ అయితే అర్ధచంద్రాకారంలో ఉంటుంది. రోమన్ ఆంఫీథియేటర్ అయితే కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఇది రెండూ కాదు, మన కోనేరులా నలుచదరపు వరస. రోమన్ ప్రభావం ఉందని కొందరు పండితులంటారు. ఆకారం చూస్తే మాత్రం మనవాళ్ల చేతి వాటం తెలిసిపోతుంది. అక్కడ మల్లయుద్ధాలు జరిగాయో, నాటకాలాడారో, పాటకచేరీలు పెట్టారో, పై మెట్టు మీద కూర్చుని ఎవరి ఊహ వాళ్లు చేసుకోవచ్చు.

అనుపులోనే విహారాల శిథిలాలు, హారీతి గుడి కూడా ఉన్నాయి. హారీతి అంటే బౌద్ధుల నమ్మకంలో పిల్లల్ని కాపాడే తల్లి. దీవి చూసి వెనక్కి వచ్చేసేవాళ్లు ఎక్కువగా అనుపును వదిలేస్తారు. మీరు మాత్రం వదలొద్దు.

గ్రీస్ డెలోస్‌కి, మన కొండకి పోలిక ఏంటి?

గ్రీస్‌లో మైకొనోస్ పక్కన డెలోస్ అనే చిన్న దీవి ఉంది. అపోలో దేవుడు పుట్టిన చోటని గ్రీకుల నమ్మకం. మైకొనోస్ నుంచి పడవలో అరగంట ప్రయాణం. పొద్దున వెళ్లి, శిథిలాలు, మ్యూజియం చూసి, సాయంత్రం లోపు తిరిగి రావాల్సిందే. రాత్రి ఉండనివ్వరు. 1990లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నాగార్జునకొండది కూడా ఇదే పద్ధతి. ఊరు లేదు, లాడ్జి లేదు. లాంచీలో వెళ్లి లాంచీలో రావాలి. రెండు చోట్లా వ్యాపారం వల్ల పెరిగి, తర్వాత ఖాళీ అయిన పట్నాల కథలే. తేడా ఒకటే. డెలోస్‌లో రాళ్లు ఎక్కడ కట్టారో అక్కడే ఉన్నాయి. మన దగ్గర రాళ్లను మోసుకొచ్చి నిలబెట్టాల్సి వచ్చింది. డెలోస్ వెళ్లాలంటే పాస్‌పోర్టు, వీసా, లక్షల ఖర్చు. ఇక్కడికి సద్ది మూట కట్టుకుని వెళ్లిపోవచ్చు.

అచ్చంపేట నుంచి ఎలా వెళ్లాలి?

సొంత వాహనం ఉంటే: అచ్చంపేట నుంచి హాజీపూర్ మీదుగా శ్రీశైలం హైవే ఎక్కి డిండి, అక్కడి నుంచి దేవరకొండ, కొండమల్లేపల్లి మీదుగా నాగార్జునసాగర్. పొద్దున 6 గంటలకు బయల్దేరితే దేవరకొండలో టీ తాగినా 9 గంటల లోపు సాగర్ చేరొచ్చు.

బస్సులో అయితే: అచ్చంపేట నుంచి దేవరకొండ, అక్కడ మారి సాగర్. నేరుగా బస్సు ఉందో లేదో డిపోలో ముందు రోజే అడగండి.

సాగర్ చేరాక: డ్యాం మీది నుంచి మామూలు వాహనాలను వదలరు. దిగువన ఉన్న బ్రిడ్జి మీదుగా నది దాటి కుడి ఒడ్డుకు, విజయపురి సౌత్‌కు వెళ్లాలి.

లాంచీలో: కొండకు చేరడానికి ముప్పావు గంట నుంచి గంట దాకా పడుతుంది. వెళ్లేటప్పుడు డ్యాం గేట్లు వెనక్కి జరుగుతుంటే, ముందు కొండ పెద్దదవుతూ వస్తుంది. మీ కింద ఉన్నది విజయపురి అని గుర్తుంచుకోండి.

హైదరాబాద్ నుంచి వచ్చే బంధువులుంటే ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా సాగర్ హైవే పట్టుకోమనండి. సుమారు 150 కిలోమీటర్లు. సాగర్‌లోనే కలుసుకోవచ్చు.

బయల్దేరే ముందు ఈ ఐదు చెక్ చేసుకోండి

శుక్రవారం వద్దు: మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజు వెళ్తే ప్రయాణం వృథా.

లాంచీ తిరుగుతోందా?: 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం తర్వాత ఏపీలో పర్యాటక బోట్లన్నీ ఆపేశారు. అప్పట్లో కొండకు వెళ్లే లాంచీలూ ఆగాయి. గాలి, వాన, వరద ఎక్కువున్నా ట్రిప్పులు రద్దవుతాయి. అందుకే ముందు రోజు ఏపీ టూరిజం వాళ్లకు ఫోన్ చేసి లాంచీ టైమింగ్స్, టికెట్ ధరలు కనుక్కోండి. జనం తక్కువగా ఉంటే లాంచీ ఆలస్యంగా కదలొచ్చు. మధ్యాహ్నం దాకా ఆగకుండా మొదటి ట్రిప్పే పట్టుకోండి.

నీటిమట్టం: సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నిల్వ 312 టీఎంసీలు. ఎండాకాలంలో 510 అడుగుల దరిదాపుల్లోకి పడిపోయిన సందర్భాలున్నాయి. నీళ్లు తగ్గితే లాంచీ ఎక్కే చోటు, దిగే చోటు దిగువకు జరుగుతాయి. పెద్దవాళ్లకు ఎక్కువ మెట్లు, ఎక్కువ నడక.

లైఫ్ జాకెట్: ఫొటో కోసం తీసి పక్కన పెట్టొద్దు. పిల్లలకు సరిపోయే సైజు అడిగి తీసుకోండి. లాంచీ కదిలాక ఒకే వైపు గుంపుగా నిలబడొద్దు.

తిండి, నీళ్లు: దీవి మీద దొరికేవి తక్కువ. నీళ్ల సీసాలు, తినడానికి ఏదైనా, ఎండకు టోపీ వెంట ఉంచుకోండి. ప్లాస్టిక్ కవర్లు మాత్రం మళ్లీ ఒడ్డుకే తీసుకురండి. ఆ నీళ్లు మనం తాగేవే.

ఎప్పుడు వెళ్తే మంచిది? నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. గేట్లు ఎత్తినప్పుడు చూడాలనుకుంటే ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య వరద వార్తలు గమనించండి. కానీ ఆ రోజుల్లో రద్దీ బాగా ఉంటుంది, లాంచీలు నడవకపోవచ్చు కూడా. ఏప్రిల్, మే నెలల్లో రాళ్ల మధ్య ఎండను తట్టుకోవడం కష్టం.

సమయం మిగిలితే..

ఎత్తిపోతల: సాగర్ నుంచి 11 కిలోమీటర్లు. చంద్రవంక నది 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. అనుపు చూశాక సాయంత్రం ఇక్కడికి వెళ్లొచ్చు.

బుద్ధవనం: తెలంగాణ వైపు 274 ఎకరాల్లో కట్టిన బౌద్ధ పార్కు. 2022 మే 14న ప్రారంభమైంది. దీవిలో పాత రాళ్లు చూసి, ఇక్కడ కొత్తగా కట్టిన మహాస్తూపం చూస్తే స్తూపం పూర్తి రూపం ఎలా ఉండేదో పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక అచ్చంపేట వాళ్లకు ఇంకో సంగతి. ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, ఫర్హాబాద్ చూసినవాళ్లకు ఈ కొండలు కొత్తేమీ కాదు. శాసనాల్లోని శ్రీపర్వతం ఈ నల్లమలే. మన అమ్రాబాద్ అడవి కూడా 2014కు ముందు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగమే. శ్రీశైలం దిగువన మన అడవి అంచునే పారే కృష్ణ, ముందుకు వెళ్లి విజయపురి మీద నిలిచి ఉంది.

ఆ నీళ్లు ఎవరికి?

లోయ మునిగినందుకు ఏం వచ్చింది? కుడి, ఎడమ కాలువల కింద లక్షల ఎకరాలు పచ్చబడ్డాయి. కానీ రిజర్వాయర్‌ను ఆనుకునే ఉన్న దేవరకొండ వైపు ఎత్తయిన పల్లెలకు ఆ నీళ్లు కాలువలో వాటంతటవి రాలేదు. నీళ్లు కింద, పొలాలు పైన. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లే తాగిన ఊళ్లున్నాయి ఈ జిల్లాలో. చివరికి పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి నీళ్లను పైకి ఎత్తిపోశారు. అదే ఏఎంఆర్ ప్రాజెక్టు. అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి అవే నీళ్లు హైదరాబాద్ నల్లాలకు కూడా వెళ్తున్నాయి.

అంటే హైదరాబాద్‌లో గ్లాసు కృష్ణా నీళ్లు తాగే ప్రతి ఒక్కరికీ విజయపురితో ఏదో ఒక లెక్క ఉన్నట్టే. ఆ నగరం మునిగింది కాబట్టే ఈ నీళ్లు నిలిచాయి. లోయలోని ఊళ్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల వారసులు ఇప్పటికీ ఈ రెండు జిల్లాల్లో ఉన్నారు. మునిగిన నగరంలో బయటికి తేగలిగినదాంట్లో చాలా భాగం ఆ చిన్న దీవి మీద, అనుపులో భద్రంగా ఉంది. చూడటానికి ఒక్క రోజు చాలు. శుక్రవారం తప్ప ఏ రోజైనా పర్వాలేదు. బయల్దేరే ముందు లాంచీ సంగతి మాత్రం ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.